33వ డిగ్రీ మేసన్ అంటే ఎవరు? ఆ నంబర్ వెనుక అసలు కథేంటి.. స్పెయిన్‌లో దాన్ని చూసి జైలు శిక్ష ఎందుకు పెంచారు?

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే ఎప్పుడో ఒకసారి ఈ వీడియో తగిలే ఉంటుంది. వెనకాల భయపెట్టే మ్యూజిక్.. రెండు తలల గద్ద బొమ్మ.. మధ్యలో 33 అనే అంకె. ‘ప్రపంచాన్ని తెర వెనక నుంచి నడిపించేది ఈ 33వ డిగ్రీ వాళ్లే’ అని ఓ గొంతు చెబుతుంటుంది. కింద కామెంట్లలో సగం మంది నమ్ముతారు, సగం మంది నవ్వుతారు. అసలు ఆ అంకెకు అర్థం ఏంటన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

సరదాకి చూసి వదిలేసే విషయమే కదా అనుకోవచ్చు. కానీ ఈ అంకెను సీరియస్‌గా తీసుకున్న ఒక ప్రభుత్వం, దాన్ని ఏకంగా చట్టంలో రాసింది. 1940లో స్పెయిన్ నియంత ఫ్రాంకో తెచ్చిన చట్టం ప్రకారం ఫ్రీమేసన్‌గా ఉండటమే నేరం. అందులోనూ 18 నుంచి 33 మధ్య డిగ్రీ ఉంటే శిక్ష ఇంకా పెద్దది. ఇంతకీ 18వ డిగ్రీలో ఏముంటుంది? 30లో ఏం నేర్పుతారు? 33 ఎవరికి ఇస్తారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

డిగ్రీ అంటే ఏంటి?

ముందు ఒక క్లారిటీ. ఇక్కడ డిగ్రీ అంటే బీఏ, బీటెక్ లాంటిది కాదు. మెట్టు అని అర్థం. ఒక్కో మెట్టు దగ్గర ఒక చిన్న నాటకం ఉంటుంది. కొత్తగా చేరిన సభ్యుడు అందులో పాత్రధారిగానో, ప్రేక్షకుడిగానో ఉంటాడు. నాటకం చివర్లో కొన్ని వస్తువులు చూపించి, వాటి అర్థం చెబుతారు. ఒక ప్రమాణం చేయిస్తారు. అంతటితో ఆ డిగ్రీ అయిపోయినట్టు.

మేసన్ అంటే తాపీ మేస్త్రీ. మధ్యయుగాల్లో యూరప్‌లో చర్చిలు, కోటలు కట్టిన రాతిపని మేస్త్రీలకు సొంత సంఘాలు ఉండేవి. పని నేర్చుకునే కుర్రాడు, పని వచ్చిన మేస్త్రీ, పెద్ద మేస్త్రీ అనే వరస ఉండేది. తర్వాతి రోజుల్లో రాయి ముట్టని వాళ్లు కూడా ఈ సంఘాల్లో చేరారు. పనిముట్లు అవే ఉన్నాయి కానీ వాటి అర్థం మారిపోయింది. మూలమట్టం అంటే నడవడిక తిన్నగా ఉండాలని. రసమట్టం అంటే మనుషులంతా సమానమని. వృత్తం గీసే కంపాస్ అంటే కోరికలకు ఒక గీత ఉండాలని. చెక్కని బండరాయి అంటే చేరినప్పటి మనిషి, నునుపుగా చెక్కిన రాయి అంటే తనను తాను దిద్దుకున్న మనిషి.

1717లో లండన్‌లో నాలుగు లాడ్జ్‌లు కలిసి గ్రాండ్ లాడ్జ్‌గా ఏర్పడ్డాయి. ఇప్పుడు మనం చూస్తున్న ఫ్రీమేసన్రీకి అది మొదలు. లాడ్జ్ అనగానే బస చేసే హోటల్ అనుకోవద్దు. మేస్త్రీలు పని జరిగే చోట వేసుకున్న పాకకు ఉన్న పేరే వీళ్ల సభకు వచ్చింది.

అసలు మెట్లు మూడే

ఇక్కడే మొదటి ట్విస్ట్ ఉంది. ఫ్రీమేసన్రీలో అసలు డిగ్రీలు మూడే. ఎంటర్డ్ అప్రెంటిస్, ఫెలోక్రాఫ్ట్, మాస్టర్ మేసన్. మూడోది పూర్తయితే ఆ మనిషి పూర్తి స్థాయి మేసన్. లాడ్జ్ నడిపే అధికారం, ఓటు, పదవి.. అన్నీ ఈ మూడో డిగ్రీ తోనే వస్తాయి. తర్వాత ఎన్ని డిగ్రీలు తీసుకున్నా, సొంత లాడ్జ్‌లో మూడో డిగ్రీ సభ్యుడి మీద పెత్తనం రాదు.

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ దీనికి మంచి ఉదాహరణ. ఆయన 1753లో మాస్టర్ మేసన్ అయ్యారు. చాలా రీల్స్‌లో ఆయన్ను 33వ డిగ్రీ అని చూపిస్తారు. కానీ ఆయన చనిపోయింది 1799లో. అమెరికాలో 33 డిగ్రీల పద్ధతిని నడిపే మండలి ఏర్పడింది 1801లో. అంటే ఆయనకు ఆ డిగ్రీ ఇచ్చే వాళ్లే అప్పటికి లేరు.

మరి మిగతా డిగ్రీలు ఎందుకు పుట్టాయి? దానికి మూడో డిగ్రీలో ఉన్న కథ తెలియాలి.

యెరూషలేంలో సొలొమోను రాజు దేవాలయం కట్టిస్తుంటాడు. ప్రధాన శిల్పి పేరు హిరామ్ అబిఫ్. పెద్ద మేస్త్రీలకు మాత్రమే తెలిసిన ఒక రహస్య పదం ఆయన దగ్గర ఉంటుంది. అది చెబితే పెద్ద మేస్త్రీ కూలీ వస్తుంది. ముగ్గురు పనివాళ్లు అర్హత రాకముందే ఆ పదం చెప్పమని ఆయన్ను మూడు ద్వారాల దగ్గర అడ్డగిస్తారు. ఆయన చెప్పడు. పనిముట్లతోనే కొట్టి చంపేస్తారు. సమాధి దగ్గర అకేసియా కొమ్మ గుర్తుగా ఉంటుంది. మన తుమ్మ చెట్టుకు దగ్గరి జాతి అది. శరీరం దొరుకుతుంది కానీ పదం మాత్రం ఆయనతోనే పోతుంది. దాని స్థానంలో వేరే పదం పెట్టుకుంటారు.

బైబిల్లో హిరామ్ అనే పనివాడి ప్రస్తావన ఉంది, ఈ హత్య కథ లేదు. ఇది మేసన్లు చెప్పుకునే కథ. ప్రాణం పోయినా మాట తప్పకూడదన్నది అందులోని పాఠం.

అయితే కథ సగంలోనే ఆగింది కదా? పోయిన పదం ఏమైంది? చంపినవాళ్లకు శిక్ష పడిందా? ఆగిపోయిన గుడి పని ఎవరు పూర్తి చేశారు? ఈ ప్రశ్నల నుంచే పై డిగ్రీలు పుట్టుకొచ్చాయి. ఒక హిట్ సినిమాకు సీక్వెల్స్ వచ్చినట్టు అన్నమాట.

స్కాట్లాండ్‌లో పుట్టని స్కాటిష్ రైట్

18వ శతాబ్దంలో ఈ సీక్వెల్స్ ఎక్కువగా తయారైంది ఫ్రాన్స్‌లో. 1730ల చివర్లో రామ్సే అనే స్కాట్లాండ్ దేశస్థుడు పారిస్‌లో ఒక ప్రసంగం రాశాడు. మేసన్ల మూలాలు మేస్త్రీల్లో కాదు, క్రూసేడ్ యుద్ధాలు చేసిన యోధుల్లో ఉన్నాయని అందులో చెప్పాడు. చరిత్ర ప్రకారం దానికి ఆధారం లేదు. కానీ ఫ్రెంచ్ ప్రభువులకు తాపీ మేస్త్రీ వారసత్వం కన్నా యోధుల వారసత్వం బాగా నచ్చింది. నైట్, ప్రిన్స్ లాంటి బిరుదులతో డిగ్రీల మీద డిగ్రీలు వచ్చాయి.

అందులో 25 డిగ్రీల వరస ఒకటి కరీబియన్ దీవుల మీదుగా అమెరికా చేరింది. 1801 మే 31న సౌత్ కరోలినా రాష్ట్రం చార్ల్‌స్టన్‌లో సుప్రీం కౌన్సిల్ ఏర్పడినప్పుడు ఆ వరస 33కి పెరిగింది. 33 అంకె చరిత్ర ఇదే. పాత 25కి ఇంకో 8 కలిపారు, అంతే. ‘గందరగోళం నుంచి క్రమం’ అని అర్థం వచ్చే లాటిన్ మాట వాళ్ల నినాదం. రెండు తలల గద్ద వాళ్ల గుర్తు. దీన్నే స్కాటిష్ రైట్ అంటారు. మొదటి మూడు డిగ్రీలు మామూలు లాడ్జ్‌లో పూర్తి చేశాక, 4 నుంచి ఇక్కడ మొదలవుతాయి.

4 నుంచి 14: పోయిన పదం కోసం వెతుకులాట

4వ డిగ్రీ పేరు సీక్రెట్ మాస్టర్. గుర్తు ఏనుగు దంతపు తాళంచెవి. హిరామ్ చనిపోయాక గుడికి కాపలా ఉన్నవాళ్ల కథ ఇది. నమ్మి చెప్పిన మాటను గుండెలో దాచుకోవడం, చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఇందులోని పాఠం.

9, 10 డిగ్రీల్లో హంతకుల కోసం వేట సాగుతుంది. ఆవేశంలో సొంత చేత్తో శిక్ష వేయడం తప్పు, న్యాయం రాజు సభలో జరగాలి అన్నది ఇక్కడి మాట.

13వ డిగ్రీలో కథ భూమి లోపలికి వెళ్తుంది. శిథిలాల కింద ఒకదాని కింద ఒకటిగా తొమ్మిది ఆర్చీలు. అట్టడుగు గదిలో ఒక బంగారు త్రికోణం. దాని మీద పోయిందనుకున్న పేరు, అంటే దేవుడి పేరు చెక్కి ఉంటుంది. తొమ్మిది అంతస్తులు దిగడం అంటే మనిషి తన లోపలికి తాను దిగడం అని చెబుతారు. 14తో ఈ భాగం పూర్తవుతుంది. దానికి గుర్తు ఓ సాదా బంగారు ఉంగరం. చావు కూడా విడదీయలేని స్నేహానికి సంకేతం.

15 నుంచి 18: కత్తి, తాపీ, పక్షి

సొలొమోను కట్టించిన గుడి బాబిలోన్ సేనల చేతిలో కూలిపోయింది. యూదులు బందీలయ్యారు. పర్షియా రాజు సైరస్ వాళ్లను విడిచిపెట్టాక జెరుబ్బాబెల్ నాయకత్వంలో మళ్లీ గుడి కట్టారు. 15, 16 డిగ్రీల కథ ఇదే. ఇక్కడి గుర్తు చూడగానే అర్థమవుతుంది. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో తాపీ. కట్టేవాడికి కాపాడుకోవడం కూడా తెలియాలి.

ఇక 18వ డిగ్రీ, రోజ్ క్రాయ్. స్పెయిన్ చట్టంలో లైన్ గీసింది సరిగ్గా ఇక్కడే. ఈ డిగ్రీ గుర్తు పెలికాన్ పక్షి. తల్లి పెలికాన్ ఆకలితో ఉన్న పిల్లలకు తన రొమ్ము చీల్చి రక్తం పెడుతుందని పాతకాలం నమ్మకం. నిజంగా ఆ పక్షి అలా చేయదు. కానీ తనను తాను ఇచ్చుకునే ప్రేమకు ఆ బొమ్మ వందల ఏళ్లుగా చర్చి గోడల మీద ఉంది. దాంతో పాటు శిలువ మీద విచ్చుకున్న గులాబీ ఉంటుంది. విశ్వాసం, ఆశ, ప్రేమ అనే మూడు మాటల చుట్టూ ఈ డిగ్రీ తిరుగుతుంది. ఇన్నాళ్లూ వెతికిన పదం కన్నా ప్రేమ అనే ధర్మం పెద్దదని చెబుతుంది.

ఇంగ్లండ్‌లో ఈ డిగ్రీ క్రైస్తవులకే ఇస్తారు. అమెరికాలో మాత్రం ఏ మతం వాళ్లయినా తీసుకోవచ్చు. ఒకే గుర్తుకు రెండు దేశాల్లో రెండు అర్థాలు ఉన్నాయన్నమాట.

19 నుంచి 30: పుర్రె కనిపించే చోటు

రీల్స్ చేసేవాళ్లకు బాగా ఇష్టమైన భాగం ఇదే. 30వ డిగ్రీ పేరు నైట్ కదోష్. హీబ్రూలో కదోష్ అంటే పవిత్రం. ఇందులో నలుపు తెలుపు రంగులు, పుర్రెలు, కత్తులు కనిపిస్తాయి. కథ టెంప్లర్ యోధులది. వాళ్ల నాయకుడు జాక్ డి మొలేను 1314లో పారిస్‌లో సజీవదహనం చేశారు. దాని వెనక ఫ్రాన్స్ రాజు, చూస్తూ ఊరుకున్న పోప్ ఉన్నారు. కాబట్టి ఈ డిగ్రీలో పోరాటం రెండిటి మీద. ఒకటి నిరంకుశ రాజ్యం, రెండు మనసు మీద పెత్తనం చేసే మత అధికారం. పుర్రె అంటే చేతబడి అనుకుంటారు చాలామంది. చావు అందరికీ ఒకటే, దాని ముందు కిరీటం కూడా పనికిరాదు అని గుర్తు చేయడానికే అది అక్కడ ఉంటుంది.

ఇందులో ఇంకో గుర్తు రెండు వైపులా మెట్లున్న నిచ్చెన. ఒక్కో వైపు ఏడు మెట్లు. ఒక వైపు మంచి గుణాలు, ఇంకో వైపు వ్యాకరణం, తర్కం, గణితం, సంగీతం, ఖగోళం లాంటి విద్యలు. గుణం, చదువు రెండూ ఉంటేనే పైకి ఎక్కినట్టు.

31, 32: తక్కెడ, గుడారం

31వ డిగ్రీలో గుర్తు త్రాసు. ఇంకొకరికి తీర్పు చెప్పే ముందు నీ లెక్క నువ్వు చూసుకో అన్నది పాఠం. 32లో ఒక పెద్ద సైనిక శిబిరం బొమ్మ ఉంటుంది. తొమ్మిది భుజాలు, ఏడు, అయిదు, మూడు, చివరికి మధ్యలో వృత్తం. ఇన్ని డిగ్రీలు దాటి వచ్చిన వాళ్లంతా అక్కడ గుడారాలు వేసుకున్నట్టు అర్థం. ‘రాయల్ సీక్రెట్’ అని పేరు పెట్టిన ఆ రహస్యం ఏంటంటే, సమతూకం. బుద్ధికీ కోరికకూ, స్వేచ్ఛకూ చట్టానికీ మధ్య బ్యాలెన్స్ అన్నమాట. ప్రపంచాన్ని ఏలే ప్లాన్ లాంటిదేం అందులో ఉండదు.

ఇంకో సంగతి. అమెరికాలో 4 నుంచి 32 వరకు ఒకటి రెండు రోజుల్లోనే పూర్తి చేసే సమావేశాలు జరుగుతాయి. ఆడిటోరియంలో కూర్చుంటే స్టేజీ మీద సెట్టింగులు, లైటింగ్, వేషాలతో ముఖ్యమైన డిగ్రీలను నాటకాలుగా వేస్తారు. శనివారం పొద్దున 3వ డిగ్రీతో వచ్చినవాడు ఆదివారం సాయంత్రానికి 32తో ఇంటికెళ్లొచ్చు. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. అక్కడ 18 దాటడానికే ఏళ్లు పడుతుంది. అంటే అంకె ఒకటే అయినా దేశాన్ని బట్టి దాని బరువు మారుతుంది.

33 ఎవరికి ఇస్తారు?

33వ డిగ్రీకి దరఖాస్తు ఉండదు. సంస్థకు, సమాజానికి చేసిన సేవను చూసి సుప్రీం కౌన్సిల్ ఎంపిక చేస్తుంది. ఒక రకంగా మన దగ్గర గౌరవ డాక్టరేట్ లాంటిది. ఎక్కువమందికి ఇది బిరుదు మాత్రమే. కౌన్సిల్‌లో కూర్చుని పాలన చూసే వాళ్లు అందులో కొద్దిమంది. అమెరికా దక్షిణ విభాగంలో 32 వాళ్లు నల్ల టోపీ, 33 వాళ్లు తెల్ల టోపీ పెట్టుకుంటారు. మూడు వరసల బంగారు ఉంగరం కూడా ఉంటుంది.

వాషింగ్టన్‌లో వీళ్ల కేంద్రం పేరు హౌస్ ఆఫ్ ది టెంపుల్. 1915లో ప్రారంభమైంది. చుట్టూ 33 స్తంభాలు, ఒక్కోటి 33 అడుగుల ఎత్తు. డాన్ బ్రౌన్ 2009లో రాసిన ‘ది లాస్ట్ సింబల్’ నవల మొదలయ్యేది ఈ భవనంలోనే. అమెరికా అధ్యక్షుడిగా ఉండగా 1945లో హ్యారీ ట్రూమన్‌కు 33 ఇచ్చారు. చంద్రుడి మీద నడిచిన బజ్ ఆల్డ్రిన్ 1969లో స్కాటిష్ రైట్ జెండాను తనతో తీసుకెళ్లారు. పెద్ద పేర్లు ఉన్న మాట నిజం. అయితే ట్రూమన్ అధ్యక్షుడు అయ్యాక 33 వచ్చింది, 33 వల్ల అధ్యక్షుడు కాలేదు.

33 ఒక్కటే దారి కాదు

మూడో డిగ్రీ తర్వాత యార్క్ రైట్ అని ఇంకో దారి ఉంది. ఇందులో అంకెలు ఉండవు, పేర్లే. ముఖ్యమైనది రాయల్ ఆర్చ్. ఇక్కడ కూడా శిథిలాల కింద గది, దొరికిన పదం కథే ఉంటుంది. ఆర్చీ మధ్యలో బిగించే చివరి రాయి ఈ దారిలో పెద్ద గుర్తు. కట్టేవాళ్లు పనికిరాదని పక్కన పడేసిన రాయే, చివరికి ఆర్చీని నిలబెట్టే రాయి అవుతుంది. 1813లో ఇంగ్లండ్‌లో రెండు గ్రాండ్ లాడ్జ్‌లు ఒకటైనప్పుడు ఒక మాట రాసుకున్నాయి. అసలైన మేసన్రీ అంటే మూడు డిగ్రీలే, రాయల్ ఆర్చ్ కూడా అందులో భాగమే అని. ఆ ఒప్పందంలో 33 ఊసే లేదు.

మరి సైతాను కథ ఎక్కడిది?

పై డిగ్రీల్లో సైతానును పూజిస్తారని చెప్పే వీడియోలు చాలావరకు ఒకే చోటుకు వెళ్లి ఆగుతాయి. 19వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో లియో టాక్సిల్ అనే రచయిత ఉండేవాడు. యువకుడిగా ఉన్నప్పుడే మార్సెయ్ తీరంలో షార్కులు వచ్చాయని పుకారు పుట్టించి ఊరంతటినీ హడలగొట్టిన ఘనుడు. 1885 నుంచి మేసన్ల మీద పుస్తకాలు మొదలుపెట్టాడు. పై డిగ్రీల వెనక లూసిఫర్ పూజ ఉందని, దానికి అమెరికాకు చెందిన ఆల్బర్ట్ పైక్ నాయకుడని రాశాడు. పైక్ 1859 నుంచి 1891లో చనిపోయేదాకా స్కాటిష్ రైట్ దక్షిణ విభాగానికి అధిపతి. పేరున్న మనిషి కాబట్టి జనం నమ్మేశారు. పుస్తకాలు వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి.

1897 ఏప్రిల్ 19న పారిస్‌లో టాక్సిల్ ఒక సభ పెట్టాడు. సాక్ష్యం చూపిస్తాడని అందరూ ఎదురుచూశారు. స్టేజీ ఎక్కి, ఇదంతా తాను అల్లిన కట్టుకథ అని నవ్వుతూ ఒప్పుకున్నాడు. హాల్లో గొడవ జరిగింది. ఆయన బయటపడ్డాడు కానీ కథ మాత్రం బయట తిరుగుతూనే ఉంది. 125 ఏళ్లు దాటినా అవే మాటలు ఇప్పుడు షార్ట్స్‌లో వినిపిస్తున్నాయి. మూడు ప్రపంచ యుద్ధాలు వస్తాయని పైక్ 1871లోనే లేఖ రాశాడన్నది కూడా ఇలాంటి కల్పితమే. అందులో నాజీయిజం అనే మాట ఉంటుంది. 1871లో నాజీ పార్టీయే లేదు.

అంకె చూసి జైలుకు పంపారు

పుకారును ప్రభుత్వమే నమ్మితే ఏమవుతుంది? జర్మనీలో హిట్లర్ ప్రభుత్వం 1935కల్లా లాడ్జ్‌లన్నీ మూసేయించింది. స్పెయిన్‌లో ఫ్రాంకో ఇంకా ముందుకెళ్లాడు. 1940 మార్చి 1న మేసన్రీ, కమ్యూనిజం అణచివేత చట్టం తెచ్చాడు. మేసన్ అని తేలితే 12 ఏళ్లు దాటిన జైలు. 18 నుంచి 33 మధ్య డిగ్రీ ఉంటే దాన్ని నేర తీవ్రత పెంచే అంశంగా లెక్కేసి, 20 ఏళ్లు దాటిన శిక్ష. దీనికోసం ప్రత్యేక ట్రైబ్యునల్ 1960ల దాకా నడిచింది.

పెలికాన్ బొమ్మ గుర్తుందా? ప్రేమ గురించి చెప్పే ఆ డిగ్రీయే ఈ చట్టంలో నేరాన్ని పెంచే గీత అయింది. ఆ మనిషి ఏం చేశాడన్నది ఎవరూ అడగలేదు. కాగితం మీద అతని పేరు పక్కన ఉన్న అంకె సరిపోయింది.

ఫ్రాంకో మనుషులు సలమాంకా నగరంలో పట్టుబడ్డ వస్తువులతో ఓ నకిలీ లాడ్జ్ కూడా పెట్టారు. నల్ల ముసుగులు వేసిన బొమ్మలు కూర్చోబెట్టి జనాన్ని భయపెట్టడానికి. అప్పటి రీల్ అదే అనుకోవచ్చు. అది ఇప్పటికీ అక్కడి పత్రాల కేంద్రంలో చూడొచ్చు. ఇప్పుడు మాత్రం ప్రచారం ఎలా పనిచేసిందో చూపించే వస్తువుగా ఉంది.

అలాగని అన్నీ మంచి మాటలేనా?

కాదు. మేసన్ల మీద అడగాల్సిన నిజమైన ప్రశ్నలు చాలానే ఉన్నాయి.

మొదటిది రహస్యం. 1981లో ఇటలీలో పీ2 అనే లాడ్జ్ గుట్టు బయటపడింది. లిచో జెల్లీ అనే వ్యక్తి దగ్గర 962 పేర్ల లిస్టు పోలీసులకు దొరికింది. మంత్రులు, ఎంపీలు, సైన్యాధికారులు, నిఘా సంస్థల పెద్దలు అందులో ఉన్నారు. ప్రధాని ఫోర్లానీ ప్రభుత్వం పడిపోయింది. తర్వాతి ఏడాది రహస్య సంఘాలను నిషేధిస్తూ ఇటలీ చట్టం చేసింది. ఇక్కడ కుట్రకు పనికొచ్చింది ఏ డిగ్రీయో కాదు. ఎవరెవరు సభ్యులో బయటికి తెలియకపోవడమే.

రెండోది సమానత్వం. రసమట్టం చూపించి అందరూ సమానమే అని చెప్పే సంస్థలో నల్లజాతివాళ్లకు చోటు దొరకలేదు. బోస్టన్‌కు చెందిన ప్రిన్స్ హాల్ 1775లో మరో 14 మంది నల్లజాతివాళ్లతో కలిసి ఒక సైనిక లాడ్జ్‌లో మేసన్ అయ్యారు. 1784లో ఇంగ్లండ్ నుంచి సొంత లాడ్జ్‌కు అనుమతి తెచ్చుకున్నారు. అయినా అమెరికాలోని తెల్లవారి గ్రాండ్ లాడ్జ్‌లు ఆ శాఖను గుర్తించడం 1989లో కనెక్టికట్‌తో గానీ ఊపందుకోలేదు. డిగ్రీల నాటకాలను తిరగరాసిన ఆల్బర్ట్ పైక్ అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణ సైన్యంలో జనరల్. వాషింగ్టన్‌లో ఉన్న ఆయన విగ్రహాన్ని 2020 జూన్‌లో నిరసనకారులు పడగొట్టారు. 2025 అక్టోబర్‌లో మళ్లీ నిలబెట్టారు.

మూడోది మహిళలు. ఇంగ్లండ్ సంప్రదాయంలో నడిచే లాడ్జ్‌లు ఇప్పటికీ మహిళలను చేర్చుకోవు. 1893లో పారిస్‌లో స్త్రీ పురుషులకు కలిపి వేరే సంస్థ పుట్టింది. అనీ బిసెంట్ 1902లో అందులో చేరి, దాన్ని భారత్‌కు తీసుకొచ్చారు. మదనపల్లెలో ఆమె పేరుతో ఉన్న కాలేజీ తెలుగువాళ్లకు తెలిసిందే.

చర్చి అభ్యంతరం కూడా పాతదే. 1738లో పోప్ మొదటిసారి నిషేధించారు. 2023 నవంబర్‌లోనూ క్యాథలిక్కులు మేసన్లుగా చేరకూడదని వాటికన్ మరోసారి చెప్పింది.

మన దగ్గర సంగతేంటి?

బ్రిటిష్ వాళ్లతో పాటు 1730 ప్రాంతంలోనే కలకత్తాకు లాడ్జ్ వచ్చింది. మొదట్లో హిందువులకు తలుపులు తెరుచుకోలేదు. చాలా దేవుళ్లను కొలిచేవాళ్లు ఒకే దేవుడి మీద ప్రమాణం ఎలా చేస్తారన్నది అప్పటి అభ్యంతరం. బెంగాల్‌లో ప్రసన్న కుమార్ దత్ ఏళ్ల తరబడి పోరాడి 1872లో లోపలికి వెళ్లారు. ఆ తర్వాత 1884లో అదే కలకత్తాలో నరేంద్రనాథ్ దత్తా అనే యువకుడు చేరి, కొన్ని నెలల్లోనే మూడో డిగ్రీ తీసుకున్నారు. ఆయనే వివేకానందుడు.

1961 నవంబర్ 24న గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఇక్కడి లాడ్జ్‌ల్లో భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథ్ సాహిబ్ లాంటి గ్రంథాలు పక్కపక్కనే ఉంటాయి. ఎవరి గ్రంథం మీద వాళ్లు ప్రమాణం చేస్తారు.

హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి చూస్తే ఈ కథ మన ఊరిదాకా వచ్చిందని తెలుస్తుంది. భద్రాచల రామదాసును ఖైదు చేయించిన తానాషా కాలంనాటి కట్టడం అది. 19వ శతాబ్దం నుంచి ఫ్రీమేసన్ల హాలుగా ఉంది. తలుపులు మూసి సభలు జరుగుతాయి కాబట్టి ఉత్తరాదిలో ఇలాంటి భవనాలను జనం జాదూ ఘర్ అనేవాళ్లు. అంటే మాయల ఇల్లు. లోపల ఏం జరుగుతుందో తెలియనప్పుడు ఊహే కథలు అల్లుతుంది.

మళ్లీ ఆ వీడియో వస్తే..

ఈసారి 33 అంకె ఉన్న వీడియో ఫార్వర్డ్ అయి వస్తే రెండు విషయాలు చూడండి. ఒకటి, వాళ్లు చెప్పే మాటకు తేదీ, పత్రం, సాక్ష్యం ఉన్నాయా? పీ2 కేసులో ఉన్నాయి. టాక్సిల్ పుస్తకాల్లో లేవు. రెండు, ఒక మనిషిని అతను చేసిన పనిని బట్టి తప్పుపడుతున్నారా, లేక పేరు పక్కన ఉన్న అంకెను బట్టా?

పోయిన ఒక మాట కోసం వెతుకుతూ, కూలిన గుడిని మళ్లీ కట్టుకునే కథకు వేసుకున్న మెట్ల లెక్కే ఈ 33. ఆ మెట్లు ఎక్కినవాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు, చెప్పిన పాఠాన్ని తామే మరిచినవాళ్లూ ఉన్నారు. 1940లో స్పెయిన్ కోర్టు ఆ తేడా చూడలేదు. ఫార్వర్డ్ బటన్ నొక్కేముందు మనం చూడొచ్చు.